సారెతో పాటు కార్డు కూడా పంపండి

(పౌష్టికాహార మాసం సందర్భంగా కోనసీమలోని ఒక ఊళ్ళో, అంగన్‌వాడీ ఆవరణలో జరిగిన సభలో ఒక స్త్రీల వైద్యురాలు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం అండి.

మొదలుపెట్టే ముందు కూర్చున్న వరస కొంచెం మార్చుకుందాం. కడుపుతో ఉన్న అమ్మాయిల్ని ముందు కూర్చోబెట్టి అత్తయ్యగార్లు, అమ్మలు, పిన్నులు వెనకాల గోడవారగా నిలబడ్డారు. అమ్మాయిల్ని ఆ వేపచెట్టు నీడలో కుర్చీల్లో కాళ్ళు చాపుకుని కూర్చోనివ్వండి. పెద్దవాళ్ళు ముందుకి రండి. ఇవాళ నేను ముఖ్యంగా మీతో మాట్లాడాలనే వచ్చాను. ఎందుకంటే ఇంట్లో గరిటె మీ చేతుల్లో ఉంటుంది.

ముప్పై ఏళ్ళకి పైగా ఈ గోదారి పాయల మధ్యే పురుళ్ళు పోశాను. లంకల నుంచి పంటు దాటి వచ్చినవాళ్ళు, వరద రోజుల్లో పడవల్లో వచ్చినవాళ్ళు, కార్లలో వచ్చినవాళ్ళు, అందరూ అడిగేది ఒకటే: "స్కానింగ్‌లో బిడ్డ బరువెంత చూపించిందండీ?" అడగండి, తప్పులేదు. కానీ "మా అమ్మాయి బరువు ఎంత పెరిగిందండీ?" అని అడిగినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నెలనెలా ఏఎన్‌ఎం నర్సు గారు బరువు మిషన్ ఎక్కించి గర్భిణి కార్డులో ఒక అంకె వేస్తారు. ఆ కార్డు ఇంటికెళ్ళి బీరువాలో చీరల కింద పడుకుంటుంది. లోపల బిడ్డ ఎలా పెరుగుతోందో పైసా ఖర్చు లేకుండా మనకి నెలనెలా చెప్పేది ఆ అంకేనండి.

ఆమధ్య ఓ అమ్మాయిని తీసుకొచ్చారు. ఏడో నెల. తొలి కాన్పు. మొదటి నెలల్లో నలభై రెండు కిలోలు, ఆ రోజు నలభై నాలుగు. అంటే ఇన్ని నెలలకీ పెరిగింది రెండు కిలోలు. పక్కనే అత్తగారు. చాలా మంచావిడ. కోడలి చెప్పులు తనే తీసి పక్కన పెట్టి, చెయ్యి పట్టుకుని మిషన్ ఎక్కించింది. అంత ప్రేమున్న ఇంట్లో పిల్ల ఎందుకిలా ఉందా అని "రాత్రి ఏం తింటోందమ్మా?" అని అడిగాను. "చారన్నం అండి. ఎక్కువ పెడితే బిడ్డ లావైపోయి పెద్దాపరేషన్ అయిపోతుందని నేనే తగ్గించాను. మా అమ్మాయికి అలాగే అయింది" అంది.

ఆ తల్లి భయం నాకు తెలుసు. ఈ భయం ఆవిడ ఒక్కర్తిదే కాదు, ఇక్కడ కూర్చున్న మీలో సగం మందికి ఉంది. అందుకని కొంచెం వివరంగా చెబుతాను. తల్లికి తిండి చాలకపోతే, వచ్చే ఆ కాస్త రక్తాన్నీ బిడ్డ ముందు తన మెదడుకి పంపుకుంటుంది. ప్రకృతి అలా ఏర్పాటు చేసింది. అందుకని అలాంటి బిడ్డల్లో తల దాదాపు మామూలుగానే పెరుగుతుంది, చేతులు కాళ్ళు పొట్ట మాత్రం ఎండిపోతాయి. మరి కాన్పులో దారి చేసుకుని రావాల్సింది ఏది? తలే కదా! పస్తు పెట్టి మీరు తగ్గించేది బిడ్డ తలని కాదు. బిడ్డ ఒంటి మీది కండని, చర్మం కింది కొవ్వుని, పుట్టిన మొదటి రోజుల్లో బతకడానికి కాలేయంలో దాచుకునే చక్కెరని. కాన్పు తేలిక కాదు, బిడ్డ మాత్రం బలహీనమవుతుంది. తల్లి కూడా ఓపిక లేక నొప్పులు తియ్యలేకపోతుంది.

ఇదే మాట ఆ అత్తగారికి చెప్పాను. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వద్దమ్మా, ఇంకా టైముందన్నాను. నిజంగానే ఉంది. ఏడో నెలలో బిడ్డ కిలో దగ్గర ఉంటుంది. నెలలు నిండేసరికి మూడు కిలోలు కావాలి. అంటే మూడింట రెండొంతుల బరువు ఆ చివరి మూడు నెలల్లోనే పెరుగుతుంది. ఏడో నెలలో వచ్చిన తల్లికి ఆలస్యమైపోయిందని ఎవరన్నా నమ్మకండి. ఆ అమ్మాయికి 2.6 కిలోల ఆడపిల్ల పుట్టింది. మామూలు కాన్పే.

రెండున్నర కిలోలు అన్నది ప్రపంచమంతా పెట్టుకున్న గీత. దానికి తక్కువైతే తక్కువ బరువు బిడ్డ అంటాం. కిలోన్నర కంటే తక్కువైతే మరీ తక్కువ. గీతకి ఈ పక్కన 2.4 ఉన్న బిడ్డ ప్రమాదంలో ఉన్నట్టూ, ఆ పక్కన 2.6 ఉన్న బిడ్డకి ఏ భయం లేనట్టూ అనుకోకండి. కానీ బరువు తగ్గేకొద్దీ ఇబ్బందులు పెరుగుతాయి. ఒళ్ళు చల్లబడిపోవడం, పాలు పీల్చే ఓపిక లేకపోవడం, రక్తంలో చక్కెర పడిపోవడం, చిన్న ఇన్ఫెక్షన్‌కి కూడా తట్టుకోలేకపోవడం.

ఒకసారి 1.8 కిలోల పిల్లాడు పుట్టాడు. తొడల మీద చర్మం వదులుగా ముడతలు పడి, పెద్దాయన ఒళ్ళులా ఉంది. వేలితో పాదం ముట్టుకుంటే చల్లగా ఉంది. తల్లికి ఆపరేషన్ అయి లేవలేని పరిస్థితి. వాళ్ళాయన కొబ్బరి దింపు పని చేస్తాడు. చొక్కా విప్పమని, పిల్లాడిని డైపర్‌తో, తలకి టోపీతో ఆయన గుండెల మీద కప్పలా పడుకోబెట్టి పైన తువ్వాలు కట్టాం. చెట్లెక్కి ఎక్కి గుండె మీద కాయలు కాసిన మనిషి. పిల్లాడికి గరుకుగా ఉంటుందేమోనని అడిగాడు. రెండు గంటలు కుర్చీలో కదల్లేదు. మాట్లాడినా గుసగుసగానే. ఆ సాయంత్రానికి పాదాలు వెచ్చబడ్డాయి. దీన్ని కంగారూ సంరక్షణ అంటారు. 1978లో కొలంబియా దేశంలో, బొగోటాలో, పిల్లల్ని వెచ్చగా ఉంచే పెట్టెలు చాలక డాక్టర్లు మొదలుపెట్టారు. ఇప్పుడు పెట్టెలున్న ఆస్పత్రుల్లో కూడా ఇదే చేయిస్తున్నాం. ఎందుకంటే పుట్టగానే మొదలుపెడితే తక్కువ బరువు పిల్లల మరణాలు నాలుగో వంతు తగ్గాయని 2021లో వచ్చిన పెద్ద పరిశోధన తేల్చింది. నానమ్మలు కూడా చేయొచ్చు. ముర్రుపాలు పిండి పారబోయకుండా ఆ బిడ్డకి పట్టించడం కూడా మీ చేతిలో పనే.

సరే, ఎంత పెరగాలి? మన ప్రభుత్వం ఏఎన్‌ఎంలకి నేర్పే లెక్క తొమ్మిది నుంచి పదకొండు కిలోలు. మొదటి మూడు నెలల్లో వేవిళ్ళతో పెరక్కపోయినా, ఒకటీ అరా తగ్గినా కంగారు లేదు. తర్వాత నెలకి సుమారు రెండు కిలోలు. "తొమ్మిది కిలోలేంటండీ, బిడ్డ మూడే కదా, మిగతాదంతా కొవ్వేగా" అని ఓ కుర్రాడు అడిగాడు నన్ను. కాదు నాయనా. బిడ్డ మూడు, మాయ అరకిలోకి పైన, ఉమ్మనీరు ముప్పావు కిలో పైచిలుకు, గర్భసంచి తనే ఒక కిలో అవుతుంది, కొత్తగా తయారైన రక్తం కిలోన్నర దాకా, రొమ్ములు అరకిలో. మిగిలిన మూడు నాలుగు కిలోలు ఒంట్లో నీరూ, పాలివ్వడానికి దాచుకున్న కొవ్వూ. ఆ కొవ్వు కూడా రేపు బిడ్డ తాగే పాల కోసమే.

అందరికీ ఒకే లెక్క కుదరదు. కడుపు రాక ముందు ఆ అమ్మాయి ఎత్తుకు తగ్గ బరువు ఉందా అన్నది చూడాలి. అయిదడుగుల అమ్మాయి నలభై మూడు కిలోల కంటే తక్కువుంటే బక్కపలచన. యాభై ఎనిమిది దాటితే అధిక బరువు. అమెరికా నిపుణులు 2009లో ఇచ్చిన లెక్కలో బక్కపలచని తల్లి పన్నెండున్నర నుంచి పద్దెనిమిది కిలోలు, అధిక బరువున్న తల్లి ఏడు నుంచి పదకొండున్నర, స్థూలకాయం ఉంటే అయిదు నుంచి తొమ్మిది. అవి వాళ్ళ ఒళ్ళని చూసి కట్టిన అంకెలు, మనకి యథాతథంగా సరిపోవు. వరస మాత్రం మనకీ అదే: సన్నగా మొదలైన తల్లి ఎక్కువ పెరగాలి, లావుగా మొదలైన తల్లి తక్కువ పెరగాలి. ఈ వరస మన ఇళ్ళలో తలకిందులుగా నడుస్తోంది. లావుగా ఉన్న పిల్లకి "ఇద్దరి కోసం తినమ్మా" అని రెండోసారి వడ్డిస్తారు. సన్నటి పిల్ల వద్దంటే "సరేలే" అని ఊరుకుంటారు.

మన రాష్ట్రంలో ఈ రెండు రకాలూ ఒకే వీధిలో ఉన్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ప్రతి ముగ్గురు ఆడవాళ్ళలో ఒకరికి పైగా అధిక బరువున్నారు. ఏడుగురిలో ఒకరు బరువు చాలనివాళ్ళు. గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనత. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, అప్పట్నుంచి ఈ నేలకి బియ్యానికి లోటు లేదు. మూడు పూటలా తెల్లన్నమే. అన్నం పక్కన ఏం పెడుతున్నామన్నదే నా బాధ.

అదనంగా కావాల్సింది ఎంతో తెలుసా? నాలుగో నెల నుంచి రోజుకి మూడు వందల యాభై కేలరీలు. ఒక గుడ్డు, గ్లాసు పాలు, ఒక అరటిపండు, గుప్పెడు కంటే తక్కువ వేరుశెనగపప్పు. అంతే. రెండో మనిషి భోజనం కాదు. గుడ్డు, పాలు అంగన్‌వాడీలో ఇస్తున్నారు కూడా. అవి ఇంటికి తెచ్చాక ఎవరు తింటున్నారో నేను అడగను, మీరే గుండె మీద చెయ్యేసుకుని చూసుకోండి. ఇంకో మాట. చేపల పులుసు వండిన రోజు ముక్కలన్నీ మగవాళ్ళ కంచాల్లోకి వెళ్ళి, అందరూ తిన్నాక ఆఖర్న కూర్చున్న కోడలికి పులుసు మిగులుతుంది. ఆ పిల్లకి ముందు వడ్డించండి. చందువలే కొనక్కర్లేదు. కట్టిపరిగెలు, మెత్తళ్ళు లాంటి చిన్నచేపలు ముల్లుతో సహా తింటే మాంసకృత్తులూ వస్తాయి, కాల్షియమూ వస్తుంది. ఎండుచేపల్లో ఉప్పెక్కువ, బీపీ ఉన్నవాళ్ళు వాటికి దూరంగా ఉండాలి. దొడ్లో మునగాకు ఉంది, తోటకూర ఉంది, పప్పులో వెయ్యండి. కుంకుమపువ్వుకి వందలు పోసి కొనే ఇళ్ళలోనే గుడ్డు వేడి చేస్తుందంటారు. కుంకుమపువ్వుతో బిడ్డ రంగు మారదు. గుడ్డుతో బిడ్డ కండ పడుతుంది.

ఇప్పుడు రెండో పక్క. దీని గురించి చెప్పడం నాకు కష్టం, అయినా చెప్పాలి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను పనిచేసిన ఒక ఆస్పత్రిలో ఒకావిడ కాన్పుకి వచ్చింది. మొత్తం పంతొమ్మిది కిలోలు పెరిగింది. పెద్ద కడుపు చూసి ఇంటిల్లిపాదికీ సంబరం. బిడ్డ తల వచ్చింది, భుజం అడ్డం పడింది. ఆ క్షణాలు ఇప్పటికీ నాకు మరుపు రావు. బయటికి తీశాం. 4.2 కిలోలు. బొద్దుగా, ఎర్రగా ఉన్నాడు. వాళ్ళ నాన్న అప్పటికే తాపేశ్వరం కాజాలు తెప్పించి వార్డంతా పంచాడు. మూడు గంటలయ్యాక వాళ్ళమ్మమ్మ "పిల్లాడి చేతులు వణుకుతున్నాయమ్మా, చలేమో" అంటూ వచ్చింది. మడమ దగ్గర సూదితో గుచ్చి ఒక్క చుక్క రక్తం తీసి చూస్తే చక్కెర ఇరవై నాలుగు. అంత లావు పిల్లాడికి చక్కెర లేదు! వెంటనే గ్లూకోజు ఎక్కించాం, బతికాడు. లాగినప్పుడు నరం సాగి కుడి చెయ్యి మాత్రం కొన్ని నెలలు సరిగా ఎత్తలేకపోయాడు. తర్వాత ఆ తల్లి కార్డు తీసి చూశాను. నెలకి మూడు, మూడున్నర చొప్పున పెరిగినట్టు వరసగా రాసే ఉంది. అందరం ఆ అంకెల్ని చూశాం. ఎవరం పట్టించుకోలేదు. షుగర్ పరీక్ష చేయించలేదు. అందులో నా తప్పూ ఉంది.

అలా ఎందుకైందంటే, తల్లి రక్తంలో ఎక్కువైన చక్కెర మాయ దాటి బిడ్డకి వెళ్తుంది. తల్లి ఇన్సులిన్ మాత్రం దాటదు. అందుకని ఆ చక్కెరని అరిగించుకోవడానికి బిడ్డ తన ఇన్సులిన్ తనే బోలెడు తయారుచేసుకుంటుంది. ఆ ఇన్సులిన్ వల్లే ఒళ్ళు చేస్తుంది, ముఖ్యంగా భుజాలు, పొట్ట. పుట్టి బొడ్డు కొయ్యగానే చక్కెర సరఫరా ఆగిపోతుంది. ఇన్సులిన్ మాత్రం ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. అప్పుడు బిడ్డ చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. అలాంటి బిడ్డకి గంటలోపే పాలు పట్టించాలి, చక్కెర చూస్తూ ఉండాలి. బిడ్డ లావుగా ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టేనని ఇక అనుకోకండి.

పరీక్ష చాలా తేలిక. 75 గ్రాముల గ్లూకోజు నీళ్ళలో కలిపి తాగి, రెండు గంటల తర్వాత రక్తం ఇవ్వాలి. 140 గాని, అంతకంటే ఎక్కువ గాని ఉంటే గర్భంతో వచ్చిన షుగర్. మొదటిసారి వచ్చినప్పుడు ఒకసారి, ఆరో నెల ప్రాంతంలో, అంటే 24 నుంచి 28 వారాల మధ్య, మళ్ళీ ఒకసారి చేయించాలి. మొదటిసారి బాగుందని రెండోది మానకండి. షుగర్ ఉందని తేలితే టెన్షన్ పడి ఆ పిల్లని పస్తు పెట్టొద్దు. కడుపుతో ఉండగా బరువు తగ్గించే డైటింగ్ చేయకూడదు. అన్నం తగ్గించి పప్పు, చేప, కూర పెంచడం, భోజనం చేశాక కాలువ గట్టున అరగంట నడిపించడం, సీమంతానికి వచ్చిన పూతరేకులు పక్కింటివాళ్ళకి ఇచ్చేయడం. చాలామందికి దీంతోనే అదుపులోకి వస్తుంది. రాకపోతే మందులున్నాయి.

ఇంకో జాగ్రత్త. ఒక్క నెలలో మూడు కిలోల కంటే ఎక్కువ పెరిగితే అది కొవ్వని తేలిగ్గా తీసెయ్యకండి. కవలలు కావచ్చు, షుగర్ కావచ్చు, ఒంట్లో నీరు చేరడం కావచ్చు. గాజులు బిగుసుకుపోయి, ముఖం ఉబ్బి, తలనొప్పి, కళ్ళు మసకలు కమ్మితే తెల్లారేదాకా చూడొద్దు. బీపీ పెరిగి గుర్రపువాతం, అంటే ఫిట్స్, వచ్చే ముందు ఒళ్ళు ఇలాగే చెబుతుంది. అప్పటికప్పుడు 108కి ఫోన్ చెయ్యండి.

బరువంతా తిండి నుంచే రాదు. మగవాళ్ళు ఇద్దరు ముగ్గురు వచ్చారు, సంతోషం, ఈ మాట మీకు. లంక పొగాకు చుట్ట ఇంట్లో కాలిస్తే ఆ పొగ పీల్చిన తల్లికి పుట్టే బిడ్డ బరువు తగ్గుతుంది. అరుగు మీద కాల్చినా పొగ లోపలికే వస్తుంది. దూరంగా వెళ్ళి కాల్చండి, మానేస్తే ఇంకా మంచిది. కడుపుతో ఉండి రొయ్యల షెడ్లలో పొద్దస్తమానం నిలబడే అమ్మాయిలకి, ఊడ్పుల్లో నడుం వంచే అమ్మాయిలకి మధ్యాహ్నం పూట రెండు గంటలసేపు పడక కావాలి. రక్తం మాత్రలు నూట ఎనభై రోజులు వేసుకోవాలి. కాఫీ, టీ, పాలతో వేస్తే ఒంటికి పట్టదు, నిమ్మరసంతో వేసుకోండి. కాల్షియం మాత్ర వేరే పూట. బురదలో ఉత్తకాళ్ళతో తిరిగే చోట నులిపురుగులు రక్తం తాగేస్తాయి కాబట్టి నాలుగో నెల దాటాక ఏఎన్‌ఎం ఇచ్చే ఆ ఒక్క మాత్ర వద్దనకండి. కాన్పుకీ కాన్పుకీ ఎడం ఉండాలి. ఒక బిడ్డ పుట్టాక కనీసం రెండేళ్ళు ఆగితేనే తల్లి ఒళ్ళు మళ్ళీ నిండుతుంది.

చిన్నగా పుట్టిన బిడ్డకి తర్వాత బాగా పెట్టి సరిచేద్దామనుకుంటాం. పూణె చుట్టుపక్కల పల్లెల్లో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం 1990ల నుంచి తల్లుల్నీ బిడ్డల్నీ వెంటబడి చూసింది. అక్కడ బిడ్డల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండులో 3.5. మన బిడ్డల్లో కండ తక్కువ, కొవ్వు మాత్రం తెల్లవాళ్ళ బిడ్డలతో పోలిస్తే పెద్దగా తగ్గలేదు. చూడ్డానికి సన్నం, లోపల కొవ్వు. ఇలా పుట్టినవాళ్ళే పెద్దయ్యాక తిండి పెరిగి, పని తగ్గితే షుగర్‌కీ గుండెజబ్బుకీ తొందరగా గురవుతున్నారు. నలభై ఏళ్ళకే షుగర్ మాత్రలు మింగుతున్న మన ఊరి కుర్రాళ్ళని చూసినప్పుడల్లా వాళ్ళమ్మల కంచాలే నాకు గుర్తొస్తాయి. ఈ ఆడపిల్లే రేపు తల్లవుతుంది. అందుకే పెళ్ళి కుదిరిన రోజునుంచే బరువు చూడమంటాను. కడుపు వచ్చాక సరిదిద్దడానికి మనకి తొమ్మిది నెలలే ఉంటాయి.

ఇందాక ఒకమ్మ నన్ను పక్కకి పిలిచి అడిగింది. "మా అమ్మాయి కాకినాడలో అత్తారింట్లో ఉందండి. ఏడో నెలలో చలిమిడి పెట్టి తీసుకొద్దామనుకుంటున్నాం, ఏం జాగ్రత్త తీసుకోవాలి?" అని. ఈ ప్రశ్నకి అందరి ముందూ జవాబు చెబుతానన్నాను. తొలి కాన్పుకి పుట్టింటికి తెచ్చుకోవడం మన పద్ధతి, మంచిదే. కానీ ఆ ప్రయాణంలోనే కార్డు తప్పిపోతుంది. అక్కడ ఆరు నెలలు చూసిన బరువులు ఇక్కడ మాకు తెలియవు. మొదట ఎంత ఉందో తెలియకుండా ఇప్పుడు యాభై ఉందంటే నేను మంచిదనాలా, చెడ్డదనాలా? ఆ పిల్ల నలభై దగ్గర మొదలైందో, నలభై తొమ్మిది దగ్గర మొదలైందో ఎలా తెలుస్తుంది? అత్తయ్యగార్లూ, సారె సర్దేటప్పుడు చీర మడతల పైన, కనపడేలా ఆ కార్డు పెట్టండి. అమ్మలూ, పిల్ల కారు దిగగానే దిష్టి తీసి ముందు కార్డు అడగండి. వచ్చిన వారంలోనే దగ్గర్లో ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్ళండి. ప్రతి నెలా తొమ్మిదో తారీకున ప్రభుత్వాస్పత్రుల్లో గర్భిణులకి డాక్టర్ చేత పరీక్షలు ఉచితంగా చేయిస్తారు, ఆ రోజు గుర్తుపెట్టుకోండి.

టీచర్ గారు మిషన్ చదునైన బండ మీద పెట్టించారు. ఎగుడుదిగుడు నేల మీద పెడితే అంకె తేడా వస్తుంది. అమ్మాయిలూ, ఒక్కొక్కరే రండి. చెప్పులు తీసెయ్యండి, ఫోనూ పర్సూ అత్తయ్యగారికి ఇవ్వండి. అత్తయ్యగార్లూ, మీరు పక్కన నిలబడి అంకె పైకి చదవండి, నేను కార్డులో రాస్తాను. పోయిన నెల ఎంతుందో కూడా చదవండి. ముందు ఆ ఎర్రచీర అమ్మాయి రామ్మా, నీకెన్నో నెల?